అటక మీది తుపాకి: తోమాలా, అమ్మాలా, దాచాలా?

ఆదివాసుల పోరాటాలు అనగానే అందరికీ విల్లు, బాణం, గొడ్డలి గుర్తొస్తాయి. పాఠ్యపుస్తకాల్లో బొమ్మలూ అవే, ఊరి కూడళ్లలో విగ్రహాల చేతుల్లోనూ అవే. అది అబద్ధం కాదు. కానీ మన్యంలో తుపాకికి కూడా నూట యాభై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. దాన్ని మన మీదికి ఎక్కుపెట్టినవాళ్లు ఉన్నారు. దాన్ని వాళ్ల దగ్గర్నుంచి లాక్కున్నవాళ్లు మనలో ఉన్నారు. పోడు చేను మీదికి వచ్చే అడవిపందిని బెదిరించడానికి మంచె మీద పక్కన పెట్టుకుని పడుకున్నవాళ్లూ ఉన్నారు. ఆ చరిత్రలో కొంత ఇంకా కొన్ని ఇళ్లలో అటకల మీద, పొయ్యి పొగకు నల్లబడి, గుడ్డలో చుట్టి ఉంది.

ఈ మధ్య అలాంటి పాత వస్తువుల మీద పట్నం వాళ్ల కన్ను పడింది. పాత నాణేలు, ఇత్తడి సామాను, గుర్రపు గంటలు కొనేవాళ్లు సంతలకు వస్తున్నారు. పాత తుపాకి ఉందా అని కూడా అడుగుతున్నారు. మన పిల్లలు కూడా దాన్ని తోమి, మెరుగు పెట్టి, మంచి ధరకు అమ్మేద్దామా అని ఆలోచిస్తున్నారు. అందుకే ఈ విషయం మీద నాలుగు మాటలు రాయాలనుకున్నాం. తుపాకి కథ తెలియకుండా దాన్ని ఏం చేయాలో తేల్చుకోలేం కాబట్టి ముందు కథ చెబుతాం.

మాటలోనే ఉన్న తేడా

తుపాకి అనే మాట తుర్కీ, పారశీ భాషల దారిన మనకు వచ్చింది. బందూకు అన్నది అరబ్బీ నుంచి వచ్చింది. రైఫిల్ ఇంగ్లీషు మాట. మన ఊళ్లలో పొడుగ్గా ఉన్న ప్రతి తుపాకినీ రైఫిల్ అనేస్తారు. అది సరి కాదు. గొట్టం లోపలి గోడ మీద మెలి తిరిగిన గాళ్లు, అంటే గీతలు కోసి ఉంటేనే అది రైఫిల్. ఆ గీతల వల్ల గుండు బొంగరంలా తిరుగుతూ బయటికి వస్తుంది. తిరిగే గుండు దారి తప్పకుండా దూరం పోతుంది. లోపల నున్నగా ఉంటే అది ఉత్త తుపాకి. దానితో దగ్గరి గురి తప్ప దూరపు గురి కుదరదు.

మన వైపు నాటు తుపాకి అంటున్నది మూతి నుంచి మందు కూరేది. గొట్టం మూతిలో మందు పోసి, పైన గుడ్డో పీచో పెట్టి, గజంతో దట్టించి, సీసపు గుండో రవ్వలో వేసి, మళ్లీ దట్టిస్తారు. వెనక చిన్న బుడిపె మీద టోపీ పెడతారు. మీట నొక్కితే గుర్రం వచ్చి టోపీ మీద పడుతుంది, నిప్పు లోపలికి పోయి మందు అంటుకుంటుంది. టోపీ రాకముందు చెకుముకి రాయి ఉండేది, దానికి ముందు నిప్పు రగిలే తాడు ఉండేది. బ్రిటిష్ సైన్యం 1840ల నాటికి చెకుముకి వదిలి టోపీకి మారింది. 1860ల చివర్లో మూతి వదిలి, వెనక నుంచి తూటా పెట్టే తుపాకులకు మారింది. ఈ వరస గుర్తు పెట్టుకోవాలి. పాత తుపాకి వయసు కట్టడానికి ఇదే మొదటి మెట్టు.

ఇందులో ఒక మెలిక ఉంది. సైన్యం వదిలేసిన పద్ధతిని ఊరి కమ్మరి వదలడు. టోపీ తుపాకులు ఆ తర్వాత వందేళ్లు కూడా ఊళ్లలో తయారయ్యాయి. కాబట్టి టోపీ కనిపిస్తే 'ఇది 1840కి ముందుది కాకపోవచ్చు' అని చెప్పగలం గాని, 'ఇది 1840 నాటిదే' అని చెప్పలేం.

గీతలు చెరిపేసిన గొట్టాలు

1857 తిరుగుబాటుకు తూటాల కొవ్వు ఒక కారణమని పిల్లలకు పాఠం చెబుతాం. ఆ తూటాలు ఎన్‌ఫీల్డ్ అనే కొత్త రైఫిల్‌వి. దాని నమూనా 1853 నాటిది. గొట్టంలో గీతలున్న తుపాకిని ఆ రోజుల్లోనే భారతీయ సిపాయిల చేతికి ఇవ్వబోయారు. తిరుగుబాటు తర్వాత తెల్లదొరలు పాఠం నేర్చుకున్నారు. భారతీయ సిపాయిల కోసం అదే ఎన్‌ఫీల్డ్‌ను గొట్టం లోపల వెడల్పు చేసి, గీతలు లేకుండా నున్నగా చేసి ఇచ్చారు. దూరం సరిచూసుకునే మీటను కూడా తీసేసి మామూలు గురిముక్క పెట్టారు. పైకి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. తెల్ల సిపాయి చేతిలోది దూరం కొడుతుంది, నల్ల సిపాయి చేతిలోది కొట్టదు.

ఆ తర్వాత కూడా అదే పద్ధతి నడిచింది. తెల్ల సైనికులకు కొత్త రకం వస్తే వాళ్లు వదిలిన పాత రకం భారతీయ సైనికులకు వచ్చేది. వాళ్లకు మార్టినీ హెన్రీ వచ్చినప్పుడు మనవాళ్లకు స్నైడర్ ఇచ్చారు. మరి కొన్నాళ్లకు కలకత్తా దగ్గర ఇషాపూర్ కార్ఖానాలో లీ ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లు తయారయ్యాయి. వాటిలో కొన్నిటిని పోలీసు కాపలా కోసం గీతలు లేని, ఒక్కసారి ఒక్క తూటా మాత్రమే పట్టే తుపాకులుగా మార్చారు. వాటిని ఎవరన్నా ఎత్తుకుపోయినా సైన్యం తూటాలు అందులో పట్టవు. కింది వాడి చేతిలోని ఆయుధం ఎప్పుడూ ఒక మెట్టు తక్కువగా ఉండాలన్నది ప్రభుత్వపు లెక్క. ఈ లెక్క పుస్తకాల్లోనే కాదు, గొట్టం లోపల కూడా కనిపిస్తుంది. పాత తుపాకిని చరిత్ర పత్రం అని మేం అనేది ఇందుకే.

ఆయుధ చట్టం, రంప పితూరీ

1878లో లిట్టన్ వైస్రాయిగా ఉండగా భారత ఆయుధ చట్టం వచ్చింది. దేశభాషా పత్రికల నోరు కట్టేసిన చట్టం కూడా అదే ఏడాది వచ్చింది. లైసెన్సు లేకుండా ఆయుధం ఉంచుకోవడం నేరమైంది. మొదట్లో యూరోపియన్లకు ఆ చట్టం నుంచి మినహాయింపు ఉండేది.

సరిగ్గా మరుసటి ఏడు, 1879 మార్చిలో రంప మన్యం లేచింది. కారణం ఆయుధాలు కాదు, కల్లు. కొండ మీది జీలుగు చెట్టుకు, తాడిచెట్టుకు కల్లు గీసుకోవడం మన హక్కు. దాని మీద మన్సబుదారు చిగురుపన్ను వేశాడు. ఆ పైన ప్రభుత్వం అబ్కారీ పేరుతో కల్లును కాంట్రాక్టర్ల పాలు చేసింది. అప్పుల వాళ్లు కోర్టు కాగితాలతో ఎడ్లనూ ధాన్యాన్నీ పట్టుకుపోయారు. వాళ్లకు తోడుగా పోలీసులు వచ్చారు. తమ్మన్నదొర, అంబుల్‌రెడ్డి, ద్వారబంధాల చంద్రయ్య వంటి నాయకుల వెంట జనం కదిలారు. అడ్డతీగల పోలీసు స్టేషన్‌ను తగలబెట్టారు. పితూరీ గొలుగొండ కొండలకూ భద్రాచలం వైపు రేకపల్లికీ పాకింది. మద్రాసు పదాతి దళాలను దింపితే గాని అణగలేదు. చంద్రయ్య 1880లో చనిపోయాడు.

ఇక్కడ ఒక మాట గమనించాలి. కర్ణాటకలోని కొడగు ప్రాంతపు కొడవలకు బ్రిటిష్ వారు ఆయుధ చట్టం నుంచి మినహాయింపు ఇచ్చారు. ప్రభుత్వం పట్ల విధేయతకు అది బహుమానం. ఆ మినహాయింపు ఇప్పటికీ ఉంది, దాన్ని కేంద్ర ప్రభుత్వం 2029 దాకా పొడిగించింది. వాళ్లు కైల్ పోదు పండుగ నాడు తుపాకిని పూవులతో అలంకరించి పూజ చేస్తారు. మన ఇళ్లలో ఇటుకల పండుగకు ఊరంతా వేటకు బయల్దేరే ఆచారం అంతకన్నా చిన్నది కాదు. కానీ పితూరీలు చేసిన కొండల వాళ్లకు మినహాయింపు ఎవరిస్తారు? ఒకరింట్లో తుపాకి పూజా మందిరంలో ఉండటం, ఇంకొకరింట్లో అటక మీద భయంతో దాగి ఉండటం వెనక ఈ చరిత్ర ఉంది.

1922 ఆగస్టు

గూడెం, రంప కొండల్లో 1882 అటవీ చట్టం తర్వాత పోడు నిషేధం బిగిసింది. నర్సీపట్నం నుంచి చింతపల్లికి వేసే రోడ్డు మీద కూలి ఇవ్వకుండా, ఇచ్చినా సరిగా ఇవ్వకుండా పనిచేయించారు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ పేరు ఇప్పటికీ మన పెద్దల తిట్లలో వినిపిస్తుంది. ఈ కోపం అంతా అల్లూరి సీతారామరాజు వెంట నడిచింది. ఆయన పక్కన గాం గంటందొర, గాం మల్లుదొర, కంకిపాటి ఎండు పడాలు వంటి మనవాళ్లు నిలబడ్డారు.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి జరిగింది. మూడు చోట్లా కలిపి 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు తీసుకున్నారు. తీసుకున్నవాటి లెక్క స్టేషన్ పుస్తకంలో రాసి, సంతకం చేసి మరీ వెళ్లారని చెబుతారు. ఆ తర్వాతి దాడులకు ముందుగా మిరపకాయ టపా పంపేవారు. సెప్టెంబర్ 24న దామనపల్లి ఘాటీలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులు తుపాకి గుళ్లకు పడిపోయారు. అదే పోలీసు తుపాకి, అదే పోలీసు తూటా. చేయి మాత్రం మారింది.

1924 మే 7న సీతారామరాజు గారిని కాల్చి చంపారు. తర్వాతి నెలలో గంటందొర చనిపోయాడు. మల్లుదొర పట్టుబడి, అండమాన్ జైల్లో ఏళ్లు గడిపి, స్వాతంత్ర్యం వచ్చాక 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. మన పిల్లల్లో ఎంతమందికి ఈ చివరి సంగతి తెలుసు? తుపాకి పట్టిన చేయే ఓటు అడిగి, పార్లమెంటులో కూర్చుంది.

ఈ 26 తుపాకుల చుట్టూ తర్వాత ఎన్నో కథలు పెరిగాయి. మన్యంలో పాత తుపాకి ఉన్న ప్రతి ఇంట్లోనూ 'ఇది రాజుగారి నాటిది' అనే మాట వినిపిస్తుంది. అన్నీ నిజమైతే ఆ లెక్క 26 దగ్గర ఆగదు.

కాపలా తుపాకి

పోరాటం తుపాకి కథ పుస్తకాల్లోకి ఎక్కింది. కాపలా తుపాకి కథ ఎక్కలేదు. నిజానికి మన ఇళ్లలో ఎక్కువగా ఉన్నది అదే. ముఠాదార్లకు, కొందరు గ్రామ పెద్దలకు ప్రభుత్వం లైసెన్సు మీద తుపాకి ఉంచుకోనిచ్చింది. 1969లో ముఠాదారీ రద్దయింది. హోదా పోయింది, పుస్తకంలో పేరు పోయింది, తుపాకి మాత్రం కొన్ని ఇళ్లలో మిగిలింది. పంట కాపలా కోసం మూతి తుపాకికి లైసెన్సు ఇవ్వవచ్చని 1959 ఆయుధ చట్టంలో కూడా ఉంది. చోళ్లు, సామలు, జొన్న వేసిన చేనుకు అడవిపంది వస్తే ఒక్క రాత్రిలో ఏడాది తిండి పోతుంది. అప్పుడు మంచె మీద తుపాకి చప్పుడే ఆధారం. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక వేట నేరమైంది. అటు ఆయుధ చట్టం, ఇటు అడవి చట్టం, ఆ పైన సాయుధ ఉద్యమం పేరుతో రెండు వైపుల నుంచీ వచ్చే అనుమానం. మూడింటి మధ్యా ఇరుక్కుని తుపాకి అటక ఎక్కింది.

ఒక ఇంటి సమస్య

మా వైపు ఒకప్పటి ముఠాదారు వంశం వారింట్లో అలాంటి తుపాకి ఒకటి ఉండేది. లైసెన్సు పుస్తకం తాతగారి పేరు మీద ఉంది. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఎవరూ తమ పేరుకు మార్పించుకోలేదు, అప్పగించనూ లేదు. మనవడు డిగ్రీ చదివి పని లేక ఇంటి దగ్గరే ఉన్నాడు. బయటి నుంచి వచ్చిన ఒక బేరగాడు అతనితో 'దీన్ని తోమి, కర్రకు వార్నిష్ వేసి పెట్టు. అల్లూరి తుపాకి అని చెబితే కోరినంత ఇస్తారు' అన్నాడట. కుర్రాడు ఎమరీ కాగితం కూడా కొనుక్కొచ్చాడు. అతని పెద్దనాన్న ఒప్పుకోలేదు. మా దగ్గరకు వచ్చి కూర్చున్నాడు.

"మాస్టారూ, ఆడు దాన్ని తోమీసి అమ్మీస్తానంతన్నాడు. మా నాన్న చేత్తో తాకిన వస్తువండి అది. అలాగని నా దగ్గర ఆడికియ్యడానికి డబ్బు లేదు. ఏటి సెయ్యమంతారు?"

ఇది తేలిక ప్రశ్న కాదు. 'పూర్వీకుల వస్తువు అమ్మకూడదు' అని నీతి చెప్పడం జీతం ఉన్న మాలాంటి వాళ్లకు సులువు. ఇంట్లో అప్పు ఉన్నవాడికి అది కడుపు నింపదు. కాబట్టి మూడు ప్రశ్నలు విడివిడిగా వేసుకున్నాం. అది నిజంగా ఏమిటి? తోమితే ఏమవుతుంది? అమ్మడానికి హక్కు ఉందా?

మొదటి ప్రశ్నకు జవాబు ఆ వస్తువే చెప్పింది. దాన్ని కదపకుండా, పక్కన కూర్చుని చూశాం. గుర్రం ఉంది, టోపీ పెట్టే బుడిపె ఉంది, గొట్టం కింద గజం దూర్చే గాడి ఉంది. అంటే మూతి తుపాకి. వెనక నుంచి తూటా పెట్టే వీలు లేదు. 1922లో స్టేషన్ల నుంచి తీసుకున్నవి తూటాలు పట్టే పోలీసు తుపాకులు. 2,500 తూటాలు తీసుకున్నారంటేనే ఆ సంగతి తెలుస్తోంది. మూతి తుపాకికి ఆ తూటాలు ఎందుకూ పనికిరావు. కాబట్టి ఇది ఆ 26లో ఒకటి కాదు.

గుర్రం పక్కన ఇనుప పలక మీద కిరీటం గుర్తు, దాని కింద 'టవర్' అన్న ఇంగ్లీషు అక్షరాలు మసగ్గా కనిపించాయి. అది లండన్ టవర్ ఆయుధాగారం ముద్ర. కానీ ఆ ముద్రను మన దేశపు కమ్మర్లు కూడా నకలు కొట్టేవారు, ముద్ర ఉంటే ధర పలికేది కాబట్టి. అసలుదో నకలో అక్షరాల పొందిక, పలక చెక్కిన తీరు చూసి తెలిసినవాళ్లే చెప్పాలి. కర్ర మీద మడమ దగ్గర వరసగా చిన్న గాట్లు ఉన్నాయి. అవి చంపిన జంతువుల లెక్క అని మనవడు అనుకున్నాడు. పెద్దాయన నవ్వాడు. "జంతువులు కావురా బాబూ. కాపలాకెళ్లిన ఏళ్లు. ఏడాదికో గాటు పెట్టీవోడు మా నాన్న."

పోరాట తుపాకి కాదని తేలిపోయింది. కానీ ఒక మనిషి ఎన్నేళ్లు రాత్రుళ్లు మేల్కొని ఊరి పంట కాపాడాడో ఆ గాట్లలో ఉంది. అది ఏ గెజెటీర్‌లోనూ లేదు. మా లెక్కలో ఇది తక్కువ చరిత్ర కాదు.

తోమితే ఏం పోతుంది

కత్తి, కొడవలి, పారలను తోమి పదును పెట్టడం మన అలవాటు. ఇత్తడి చెంబును చింతపండుతో తోమితే మెరుస్తుంది. అందుకే పాత తుపాకిని కూడా మెరిపిస్తే విలువ పెరుగుతుందని అనుకుంటాం. నిజం దానికి వ్యతిరేకం.

పాత గొట్టాలకు తయారీదారులే గోధుమ రంగు పూత పెట్టేవారు. తుప్పును అదుపులో పట్టించి, రుద్ది, నిలబెట్టిన పూత అది. తర్వాతి కాలపు రైఫిళ్లకు నీలి నలుపు రంగు ఉండేది. కాలక్రమంలో ఈ పూత మీద చేతి నూనె, పొగ, గాలి కలిసి ఒక నల్లటి పొర ఏర్పడుతుంది. ఎమరీ కాగితం పెట్టి రుద్దితే మొదట పోయేది ఆ పొర, తర్వాత ఆ పూత, ఆ తర్వాత ముద్రలు. కిరీటం, అక్షరాలు, అంకెలు ఇనుము మీద వెంట్రుక మందం లోతులోనే ఉంటాయి. పది నిమిషాలు రుద్దితే అవి పోతాయి. పలకల పదునైన అంచులు గుండ్రం అవుతాయి. కర్రను చిత్రిక పట్టి వార్నిష్ వేస్తే గాట్లు పూడిపోతాయి. అప్పుడు అది మెరిసే ఇనుప గొట్టం. ఏ కాలానిదో, ఎవరిదో చెప్పే ఆధారం దాని మీద ఏదీ మిగలదు. పాత వస్తువులు తెలిసి కొనేవాళ్లు కూడా కొత్తగా మెరుగు పెట్టినదానికి తక్కువ ధర కడతారు.

ప్రమాదం కూడా ఉంది. ఎన్నో పాత తుపాకుల్లో ఎప్పుడో కూరిన మందు అలాగే ఉండిపోతుంది. తుప్పు తిన్న గొట్టం రుద్దిన కొద్దీ పలచబడుతుంది. దాన్ని ఎవడన్నా సరదాకు పేల్చితే గొట్టం పగిలి చేతులూ కళ్లూ పోతాయి. కాబట్టి పాత తుపాకి కనిపిస్తే లోపల మందు ఉందనే అనుకోవాలి. పిల్లల్ని దూరంగా ఉంచాలి. ఖాళీ చేయడం పోలీసు ఆయుధ విభాగం వాళ్ల పని, లేదా లైసెన్సు ఉన్న డీలర్ పని. ఖాళీ అని వాళ్లు తేల్చాక కూడా చేయవలసిన సేవ కొంచెమే. పొడి గుడ్డతో దుమ్ము తుడవడం, ఇనుముకు పలచగా నూనె రాయడం, కర్రకు చెద పట్టకుండా చూడటం. అటక మీది పొగ ఆ కర్రను పురుగు నుంచి ఇన్నాళ్లు కాపాడింది. మన పెద్దలు తెలిసే అక్కడ పెట్టారు.

చట్టం ఏమంటుంది

'పాతది కదా, లైసెన్సు అక్కర్లేదు' అని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. పాతకాలపు, పురాతన విలువ గల, లేదా పాడైపోయిన ఆయుధానికి 1959 చట్టం 45వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. కానీ షరతు ఏమిటంటే, బాగుచేసినా సరే అది తుపాకిగా పనికిరాకూడదు. బాగుచేస్తే పేలుతుంది అంటే మినహాయింపు లేదు. కుర్రాడు దాన్ని బాగుచేయించి మెరుగు పెట్టిస్తే మినహాయింపుకు ఉన్న కాస్త అవకాశం కూడా పోతుంది. లైసెన్సు లేని కమ్మరి దాన్ని బాగుచేయడం కూడా నేరమే.

లైసెన్సు ఉన్నవాడు తన తుపాకిని మరో అర్హుడికి అమ్మవచ్చు. అయితే 45 రోజుల ముందు జిల్లా మేజిస్ట్రేట్‌కు గాని, పోలీసు స్టేషన్‌కు గాని రాతపూర్వకంగా తెలపాలి. లైసెన్సుదారు చనిపోతే వారసులు తమ పేరు మీద లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవచ్చు, 2016 నియమాల్లో ఆ వీలు ఉంది. అది కాకపోతే 21వ సెక్షన్ ప్రకారం తుపాకిని స్టేషన్‌లో గాని, లైసెన్సు ఉన్న డీలర్ దగ్గర గాని అప్పగించాలి. గడువులోగా ఏ దారీ చూసుకోకపోతే అది ప్రభుత్వ పరం కావచ్చు. ఇక నూరేళ్లు దాటిన చారిత్రక వస్తువులకు 1972 నాటి పురావస్తు చట్టం వర్తిస్తుంది. వాటి వ్యాపారానికి లైసెన్సు కావాలి, ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడానికి వీల్లేదు.

సంతలో గోనెసంచిలో చుట్టి చేతులు మార్చుకునే బేరం ఏ చట్టానికీ ఒప్పదు. పట్టుబడితే బేరగాడు ఫోన్ మార్చేస్తాడు. జైలుకు పోయేది మన కుర్రాడు. లైసెన్సు లేని తుపాకితో దొరికిన ఆదివాసీ యువకుడి మీద ఇంకా ఏయే కేసులు పెట్టగలరో మన ప్రాంతంలో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

ఏం తేలింది

మనవడితోనూ పెద్దాయనతోనూ కలిపి కూర్చుని ఇదంతా మాట్లాడాం. కుర్రాడు ఒక సూటి మాట అడిగాడు. "సార్, అల్లూరి తుపాకి అని చెబితే ఎవడికి నష్టం? కొనేవాడికే కదా?"

నష్టం మనకే అని చెప్పాం. నిజమైన 26 తుపాకుల వెనక నిజమైన మనుషులు ఉన్నారు. ప్రతి పాత గొట్టాన్నీ ఆ లెక్కలో కలిపేస్తే, రేపు నిజమైనది ఒకటి దొరికినా ఎవడూ నమ్మడు. మన చరిత్రకు కాగితాలు తక్కువ. మన మాటే మన ఆధారం. ఆ మాటకు విలువ పోగొట్టుకుంటే చేతిలో ఇంకేం మిగలదు. పైగా ఆ ధర తుపాకికి కాదు, పేరుకు. ఆ పేరు మనం అమ్ముకోవడానికి ఎవరూ మనకు ఇవ్వలేదు.

అమ్మకం మానుకున్నారు. దానివల్ల వాళ్లింట అప్పు తీరలేదు, ఆ మాట కూడా రాయాలి. పెద్దలను వెంటబెట్టుకుని, తాతగారి లైసెన్సు పుస్తకంతో, అర్జీతో వెళ్లి సంగతి రాసిచ్చి తుపాకిని అప్పగించి రసీదు తీసుకున్నారు. తర్వాత వారసుడి పేరు మీద లైసెన్సుకు దరఖాస్తు చేయాలా, మ్యూజియానికి ఇమ్మని కోరాలా అన్నది ఇంటివాళ్లు తేల్చుకుంటారు. ఇవ్వదగిన చోట్లు లేకపోలేదు. జోడేఘాట్‌లో కొమరం భీం మ్యూజియం ఉంది. అరకులో, హైదరాబాద్‌లో గిరిజన మ్యూజియాలు ఉన్నాయి. మన చింతపల్లి మండలంలోనే తాజంగి దగ్గర గిరిజన స్వాతంత్ర్య సమరయోధుల మ్యూజియం తలపెట్టారు. కాపలా తుపాకికి కూడా అక్కడ ఒక మూల చోటు అడగడం మన హక్కు.

అప్పగించే ముందు ఒక పని చేశాం. పెద్దాయన చెబుతుంటే మనవడి చేతే నాలుగు పేజీలు రాయించాం. తుపాకి పొడవు, ముద్రలు, గాట్ల లెక్క, ఎవరి నుంచి ఎవరికి వచ్చింది, ఏ చేను కాపలాకు వాడారు, చివరిసారి ఎప్పుడు పేలింది. 'రాజుగారి నాటిది అని ఇంట్లో చెప్పుకునేవారు, కానీ కాదు, కారణం ఇదీ' అని కూడా రాయించాం. ఇంట్లో చెప్పుకున్న మాటను కొట్టేయకూడదు, పక్కన పరీక్ష ఫలితం రాయాలి. రెండూ చరిత్రే. ఒక ప్రతి ఇంట్లో ఉంది, ఒక ప్రతి బడిలో ఉంది.

తోటి ఉపాధ్యాయులకు, యువతకు

మీ ఊళ్లలో ఇలాంటి వస్తువులు తుపాకులే కానక్కర్లేదు. ముఠాదారు పట్టా, వెట్టి రసీదు, పాత కొలపాత్ర, డోలు, బరిసె ఏదైనా కావచ్చు. ఎనిమిదో తరగతి చరిత్ర పాఠంలో 1857 వచ్చినప్పుడు పిల్లల చేత ఒక్కొక్క వస్తువు కథ ఇంట్లో అడిగి రాయించండి. ఏమిటి, ఎవరిది, ఎలా వచ్చింది, దాని మీద ఏ గుర్తులున్నాయి, ఇంట్లో ఏమంటారు, ఆ మాట నిజమని ఎలా తెలుస్తుంది. ఈ ఆరు ప్రశ్నలు చాలు. ఆయుధం అయితే పిల్లలు ముట్టకూడదు, బడికి తేకూడదు, ఇంటి పెద్దలకు చట్టం సంగతి మీరే చెప్పాలి.

యువతకు మేం చెప్పేది ఇంతే. అమ్మవలసి వస్తే చట్టం ప్రకారం, ఉన్నది ఉన్నట్టు చెప్పి అమ్మండి. తోమి అమ్మకండి, పేరు మార్చి అమ్మకండి. అన్నిటికన్నా ముందు, అది చెయ్యి దాటకముందే కూర్చుని రాసుకోండి. పోలీసు స్టేషన్‌లో తుపాకులు తీసుకున్న రాత్రి కూడా లెక్క రాసి సంతకం పెట్టి వెళ్లారని చెప్పుకునే కొండల్లో పుట్టిన మనకు, మన ఇంటి వస్తువు లెక్క రాసుకోవడం కష్టమైన పని కాదు.